నాలుగో వారం: డిజిటల్ పైరసీ, హిందీ సినిమా



మా ఫిల్మ్ సొసైటీ మాస్టారి స్మారకంగా జరిగే ఈ ఉపన్యాసాల్లో ఇంతవరకు సినిమా కళ గురించే ఎక్కువగా మాట్లాడుకున్నాం. ఈసారి సినిమా డబ్బు గురించి మాట్లాడతానన్నాను. ఆయనకిది కొత్త విషయం కాదు. ఫిల్మ్ సొసైటీ నడిపిన రోజుల్లో ప్రతి ప్రదర్శనకూ ముందు ప్రింటు అద్దె ఎంత, రవాణా ఎంత, చందాగా వచ్చింది ఎంత అన్నది నల్లబల్ల మీద రాసిపెట్టేవారు. తెర మీద బొమ్మ ఆడటానికి ఎవరో ఒకరు ఖర్చు భరిస్తున్నారన్న సంగతి చూసేవాళ్లకు తెలియాలని ఆయన పట్టుదల. నేను మాట్లాడబోయేదీ అదే ఖర్చు గురించి. కాకపోతే రంగస్థలం ముంబయి.

2016 జూన్ 13న బొంబాయి హైకోర్టు ‘ఉడ్తా పంజాబ్’ సినిమాను ఒకే ఒక్క కత్తిరింపుతో విడుదల చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. పంజాబ్‌లో మత్తుమందుల బెడద మీద అభిషేక్ చౌబే తీసిన సినిమా అది. సెన్సారు బోర్డు కోరిన మార్పుల చిట్టా చాలా పొడవు కావడంతో నిర్మాతలు కోర్టుకెక్కారు, గెలిచారు. 17వ తేదీ శుక్రవారం విడుదల. ఇంతలో 15వ తేదీన సినిమా మొత్తం టొరెంట్లలో ప్రత్యక్షమైంది. థియేటర్లో సెల్‌ఫోను ఎత్తిపట్టి తీసిన మసక ప్రింటు కాదది. ముందు వరసలో తలలు లేవు, ప్రేక్షకుల దగ్గులు లేవు. శుభ్రమైన కాపీ. ఫ్రేము మీద ‘ఫర్ సెన్సార్’ అన్న అక్షరాలు మాత్రం కనిపిస్తూ ఉన్నాయి. పరిశీలన కోసం తయారైన కాపీ దారిలో ఎక్కడో చేతులు మారింది. ముంబయి సైబర్ పోలీసులు ఢిల్లీలో ఒకర్ని అరెస్టు చేశారు. భావప్రకటన స్వేచ్ఛ కోసం హైకోర్టు దాకా వెళ్లి గెలిచిన సినిమాకు, ఆ గెలుపు ఫలం చేతికందడానికి రెండు రోజుల ముందు ఈ దెబ్బ తగిలింది.

అదే ఏడాది జూలైలో ‘గ్రేట్ గ్రాండ్ మస్తీ’ కూడా ఇలాగే బయటికొచ్చింది. నిర్మాతలు విడుదలను 22 నుంచి 15కు జరుపుకున్నారు. అంతకు ముందటి ఏడాది కేతన్ మెహతా ‘మాంఝీ’కీ ఇదే గతి. గయ జిల్లాలో కొండను ఒంటరిగా తొలిచి దారి వేసిన దశరథ్ మాంఝీ కథ అది. విడుదలకు ముందే సినిమా అంతా ఇంటర్నెట్‌లో ఉంది. 2015లోనే కాశీ నేపథ్యంలోని ‘మొహల్లా అస్సీ’ లీకైంది. సెన్సారు చిక్కులు, కోర్టు స్టేలు దాటుకుని అది థియేటర్లకు వచ్చేసరికి 2018 నవంబరు అయింది. మూడేళ్లపాటు ఆ సినిమా పైరసీలోనే బతికింది. చూడాలనుకున్నవాళ్లు చూసేశాక వచ్చిన విడుదలకు మిగిలేది ఏముంటుంది?

మనకిది కొత్త కాదు. 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ సినిమాలో దాదాపు గంటన్నర భాగం విడుదలకు ముందే కృష్ణా జిల్లాలో డీవీడీల రూపంలో అమ్ముడుపోయింది. అక్టోబరులో రావలసిన సినిమాను నిర్మాత సెప్టెంబరు 27నే హడావుడిగా థియేటర్లకు పంపాల్సి వచ్చింది. ఆ సినిమా నిలబడింది, ఘనంగా ఆడింది. ఆ ఉదాహరణ చూపించి, ‘చూశారా, పైరసీ ఏమీ చేయలేదు’ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ సాయంత్రం నేను కాదనదలచుకున్నది ఆ మాటనే.

పెద్ద హీరో సినిమాను పైరసీ అంత తేలిగ్గా పడగొట్టలేదన్నది నిజమే. 2023 జనవరిలో వచ్చిన ‘పఠాన్’ విడుదల నాటికే పైరసీ సైట్లలో ఉంది. అయినా ప్రపంచవ్యాప్తంగా వెయ్యి కోట్లు దాటింది. మొదటి రోజు మొదటి ఆటకు వెళ్లే అభిమాని ఫోన్లో సినిమా చూసి తృప్తిపడడు. వాడికి కావలసింది ఆ గోల, ఆ చప్పట్లు. సినిమా బతుకు మొదటి మూడు రోజులతో అయిపోదు. రెండో వారం, మూడో వారం, నాలుగో వారం ఉంటాయి. పక్కింటివాళ్లు చెబితే వెళ్లే కుటుంబం, జీతం వచ్చాక వెళ్లే గుమాస్తా, పరీక్షలు అయ్యాక వెళ్లే పిల్లలు ఆ వారాల్లోనే వస్తారు. పైరసీ కోసేది ఈ ప్రేక్షకులను. వాళ్ల మీదే ఆధారపడి బతికే సినిమా ఏదో, నష్టపోయేది అదే.

‘షోలే’ 1975 ఆగస్టు 15న విడుదలైనప్పుడు మొదటి వారాల్లో ట్రేడ్ పెదవి విరిచింది. జనం ఒకరికొకరు చెప్పుకున్నారు. ముంబయి మినర్వా థియేటర్లో ఐదేళ్లు ఆడింది. ఆ మొదటి వారాల్లోనే దాని శుభ్రమైన కాపీ ప్రతి జేబులోకీ చేరి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. దగ్గరి ఉదాహరణ కావాలంటే 2023 అక్టోబరు 27న విధు వినోద్ చోప్రా దర్శకత్వంలో వచ్చిన ‘ట్వెల్త్ ఫెయిల్’. మొదటి రోజు వసూళ్లు కోటి రూపాయల దరిదాపుల్లో ఉన్నాయి. వారం వారం జనం పెరిగారు. దేశంలో రూ.50 కోట్లు దాటి, ఓటీటీకి వచ్చాక కూడా థియేటర్లలో ఆడింది. అలాంటి సినిమాకు ప్రాణం నోటి మాట. ‘బాగుందట’ అన్న మాట విన్న మనిషి టికెట్టు కొనాలా, లింకు నొక్కాలా అన్న చోట నిర్మాత భవిష్యత్తు తేలిపోతుంది.

హిందీ పరిశ్రమ ఈ ప్రమాదాన్ని ఎదుర్కొన్న తీరు దాని స్వరూపాన్నే మార్చేసింది. లింకు తిరిగేలోపు డబ్బు రాబట్టుకోవాలన్న తొందరలో వేల తెరల మీద ఒకేసారి విడుదల, పెంచిన టికెట్టు ధరలు, విడుదలకు ముందే శాటిలైట్, డిజిటల్ హక్కుల అమ్మకం, సొమ్మంతా మొదటి శుక్ర శని ఆదివారాల్లోనే రావాలన్న లెక్క స్థిరపడ్డాయి. దీనికి పైరసీ ఒక్కటే కారణం అనను. మల్టీప్లెక్సులు, టీవీ చానళ్లు, డిజిటల్ ప్రింట్లు అన్నీ కలిసి తెచ్చిన మార్పు ఇది. అందులో పైరసీ వాటా మాత్రం పెద్దది. మూడు రోజుల్లో జనాన్ని లాగాలంటే కావలసింది పేరున్న ముఖం, భారీ ప్రచారం. కథను నమ్ముకున్న సినిమాకు అంత వేగం ఉండదు. మెల్లగా నడిచే సినిమాలకు పెట్టుబడి దొరకడం ఏటికేడు కష్టమవుతోందంటే, వాటి నాలుగో వారాన్ని ఎవరో ముందే వాడేసుకుంటున్నారు కాబట్టి.

ఈ దొంగతనానికి చరిత్ర ఉంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ, దాని వెంటే వీసీఆర్ మన ఇళ్లలోకి వచ్చాయి. వీడియో పార్లర్లు వెలిశాయి. రాత్రి బస్సుల్లో ‘వీడియో కోచ్’ అని రాసి కొత్త సినిమాలు వేసేవారు. విదేశాల్లోని మనవాళ్ల కోసం పంపిన ప్రింట్ల నుంచి క్యాసెట్లు పుట్టి గల్ఫ్ మీదుగా తిరిగి మన బజార్లకే చేరేవి. 1965 యుద్ధం తర్వాత పాకిస్తాన్ థియేటర్లలో నాలుగు దశాబ్దాలపాటు భారతీయ సినిమాలకు ప్రవేశం లేదు. వీసీఆర్ వచ్చాక అక్కడి కుటుంబాలు హిందీ సినిమాలు దొంగ క్యాసెట్ల మీదే చూశాయి. మన బొమ్మ వాళ్ల ఇళ్లలో ఆడింది కానీ, అందులోంచి ముంబయికి పైసా రాలేదు.

ఆ రోజుల్లో రాజశ్రీ సంస్థ చేసిన పని గుర్తుచేసుకోదగ్గది. 1994 ఆగస్టులో ‘హమ్ ఆప్ కే హై కౌన్’ విడుదల చేసినప్పుడు వాళ్లు వీడియో హక్కులు అమ్మలేదు. తక్కువ ప్రింట్లతో, మంచి థియేటర్లలో, ముంబయి లిబర్టీ లాంటి హాళ్లను ముస్తాబు చేయించి మరీ వేశారు. క్యాసెట్టు వస్తుందిలే అని ఎదురుచూసే అవకాశం లేకపోవడంతో, వీడియోలకు అలవాటుపడి థియేటరు మానేసిన కుటుంబాలు పిల్లాపాపలతో బయల్దేరాయి. వస్తువు ఎక్కడ, ఏ రూపంలో దొరకాలో నిర్మాత చేతిలో ఉంటే ఏం చేయవచ్చో ఆ సినిమా చూపించింది. డిజిటల్ కాలంలో నిర్మాత చేతిలోంచి జారిపోయింది సరిగ్గా ఆ అదుపే.

క్యాసెట్టు పోయి వీసీడీ వచ్చింది. కేబుల్ ఆపరేటర్ రాత్రిపూట కొత్త సినిమా వేసే కాలం వచ్చింది. ఢిల్లీ పాలికా బజారులో, ముంబయి మనీష్ మార్కెట్లో దొంగ వీసీడీలు పరిచి అమ్మారు. ఆ దశ గురించి ఎక్కువ చెప్పను. అందులో ఒక్క సంగతి మాత్రం మరిచిపోకూడదు. అప్పట్లో ఫిల్ము ప్రింటు ఖరీదైన వస్తువు. పెద్ద ఊళ్లలో ఆడి, గీతలుపడి, అతుకులు వేసుకుని చిన్న ఊరికి చేరేసరికి నెలలు గడిచేవి. బిహార్‌లోని తాలూకా కేంద్రంలో ఉన్నవాడు కొత్త సినిమా చూడాలంటే దొంగ వీసీడీ తప్ప దారి లేదు. 2005 తర్వాత ఉపగ్రహం ద్వారా సినిమాను నేరుగా థియేటరు సర్వరుకు పంపే పద్ధతి వచ్చి ఆ ఎడం తగ్గించింది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ అసలు వీసీడీని రూ.28కి, డీవీడీని రూ.34కి అమ్మడం మొదలుపెడితే జనం ఎగబడి కొన్నారు. నకిలీ ధరకే అసలు దొరికితే నకిలీ ఎవరిక్కావాలి?

అందువల్ల పైరసీని సమర్థించేవాళ్ల వాదనను నేను తోసిపుచ్చను, పూర్తిగా ఒప్పుకోను. వాళ్లు చెప్పేదాంట్లో బలమైన భాగం అందుబాటు. దేశం మొత్తం మీద పదివేల తెరలు కూడా లేవు. ఉన్నవాటిలో పెద్ద వాటా దక్షిణాదిది. ఆంధ్ర, తెలంగాణల్లో మండల కేంద్రంలో కూడా థియేటరు చూసి పెరిగిన మనకు ఉత్తరప్రదేశ్, బిహార్ పరిస్థితి ఊహకందదు. హిందీ మాట్లాడేవాళ్లు ఎక్కడ ఎక్కువో అక్కడే తెరలు తక్కువ. ఉన్న సింగిల్ స్క్రీన్లు మూతపడుతుంటే కొత్తవి మాల్స్‌లో వస్తున్నాయి. అక్కడ నలుగురున్న కుటుంబం సినిమాకు వెళ్లి పాప్‌కార్న్ కొంటే కూలి మనిషి రెండు మూడు రోజుల సంపాదన అయిపోతుంది. అలాంటి ఊళ్లో ఫోన్లో సినిమా చూసినవాణ్ణి నేరస్థుడనడానికి నాకు నోరు రాదు.

సినిమాలను భద్రపరిచే విషయంలోనూ వాళ్ల వాదనకు కొంత బలముంది. అనురాగ్ కశ్యప్ మొదటి సినిమా ‘పాంచ్’ థియేటర్లలో విడుదల కాలేదు. సినిమా అభిమానుల్లో ఒక తరం దాన్ని టొరెంట్ల మీదే చూసింది. మాస్టారి శిష్యుల్లో చాలామంది ప్రపంచ సినిమాను నేర్చుకున్నది కాపీ క్యాసెట్ల మీదే. అధికారికంగా దొరకని సినిమాను చూసినవాడికీ, నిన్న విడుదలైన సినిమాను అప్‌లోడ్ చేసి దాని పక్కన బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలు పెట్టి సంపాదించేవాడికీ తేడా ఉంది. నా అభ్యంతరమంతా రెండోవాడి మీద. వాడు అందుబాటు కోసం పోరాడేవాడు కాదు. వాడిది వ్యాపారం, అందులో పెట్టుబడి పరాయివాడిది. 2025 నవంబరులో ‘ఐబొమ్మ’ పైరసీ సైటు నిర్వాహకుణ్ణి హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసినప్పుడు సామాజిక మాధ్యమాల్లో అతన్ని పేదల పక్షాన నిలిచిన వీరుడిగా పొగిడినవాళ్లను చూసి నేను బాధపడ్డాను. ఆ పొగడ్త వెనక టికెట్టు ధరల మీద కోపం ఉంది, అది న్యాయమైనదే. దాన్ని తీర్చుకోవలసిన చోటు అది కాదు.

ఇక లెక్కల సంగతి. ఈవై సంస్థ, ఇంటర్నెట్ అండ్ మొబైల్ అసోసియేషన్ కలిసి 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2023లో భారతదేశంలో పైరసీ విలువ రూ.22,400 కోట్లు. అందులో రూ.13,700 కోట్లు థియేటర్ సినిమాలది, రూ.8,700 కోట్లు ఓటీటీలది. ఈ అంకెను పత్రికలు ‘నష్టం’ అని రాశాయి. ఆ మాట జాగ్రత్తగా వాడాలి. దొంగతనంగా చూసిన ప్రతి చూపూ పోయిన టికెట్టు కాదు. ఊరికే దొరికితే చూసేవాళ్లలో చాలామంది డబ్బు పెట్టి చూడరు. ఇంత పెద్ద అంకె చెప్పి భయపెట్టడం వల్ల అసలు నష్టం ఎవరిదో కనిపించకుండా పోతుంది. నిర్మాతతో పాటు నష్టపోయేవాళ్లలో పాట రాసినవాడు ఉన్నాడు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, గీత రచయితలకూ సంగీత దర్శకులకూ రాయల్టీ హక్కును ఎవరూ రాయించుకోలేని విధంగా పార్లమెంటు కట్టుదిట్టం చేసింది. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా వాదించారు. దశాబ్దాల పోరాటం తర్వాత దక్కిన హక్కు అది. పాట చట్టబద్ధంగా వినిపించిన చోటే ఆ హక్కుకు విలువ. దొంగ సైటులో కోటిసార్లు వినిపించినా రచయిత ఖాతాలో పడేది సున్నా.

కోర్టులు ఈ విషయంలో చాలా ప్రయత్నించాయి. 2011లో ‘సింగం’ హిందీ సినిమాకు ఢిల్లీ హైకోర్టు ముందస్తు ఉత్తర్వు ఇచ్చింది. ప్రతివాది ఎవరో తెలియదు కనుక ఊహాజనితమైన పేరు మీద ఇచ్చే ఉత్తర్వు అది. వాటిని మన దగ్గర ‘అశోక్ కుమార్ ఆర్డర్లు’ అని కూడా అంటారు. వాటితో చిక్కు లేకపోలేదు. 2012లో ఒక తమిళ సినిమా కోసం మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు విమియో లాంటి నిక్షేపమైన సైట్లను కూడా మూసేశాయి. ఆ తర్వాత కోర్టు వివరణ ఇవ్వాల్సి వచ్చింది. 2016లో బొంబాయి హైకోర్టులో జస్టిస్ గౌతమ్ పటేల్, సైటు మొత్తం మూయమని అడిగితే చాలదని, ఏ లింకులో దొంగ కాపీ ఉందో సరిచూసి చూపించమని నిర్మాతలకు చెప్పారు. నాకు ఆ జాగ్రత్త నచ్చింది. కానీ పైరసీ సైటు ఒక చిరునామా మూస్తే గంటలో ఇంకో చిరునామాతో లేస్తుంది. అందుకే 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు సినిమా సంస్థ యూటీవీ వేసిన కేసులో కొత్త దారి వేసింది. ప్రధానంగా దొంగ సరుకు మీదే బతికే సైటును పూర్తిగా మూయవచ్చనీ, అది మారుపేరుతో తిరిగొస్తే మళ్లీ దావా వేయనక్కర్లేకుండా జాయింట్ రిజిస్ట్రారు ముందు అర్జీ పెట్టుకుని ఉత్తర్వును దానికీ వర్తింపజేసుకోవచ్చనీ చెప్పింది. 2021 మే నెలలో ‘రాధే’ సినిమా జీప్లెక్స్‌లో రూ.249కి విడుదలై వాట్సాప్‌లో ఊరూరా తిరిగినప్పుడు, అమ్ముతున్న ఖాతాలను నిలిపేయమని అదే కోర్టు ఆదేశించింది.

ఇంతటి శ్రమ విడుదల తర్వాత వచ్చే కాపీల మీద. విడుదలకు ముందు పోయే కాపీకి కోర్టు ఏం చేయగలదు? ‘ఉడ్తా పంజాబ్’ నుంచి, 2025 మార్చి 30న విడుదలకు గంటల ముందు బయటపడ్డ ‘సికందర్’ దాకా చూస్తే, కళ్లంలో ధాన్యం ఉండగానే దొంగలు పడుతున్నారు. థియేటరుకు వెళ్లే సినిమా ఫైలుకు కాపలా గట్టిది. అది గుప్తలిపిలో ఉంటుంది. తెరవడానికి కేడీఎం అనే తాళం విడిగా వస్తుంది. ఆ తాళం ఒక్క సర్వరుకే, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే పనిచేస్తుంది. ఆట ఆడుతున్నప్పుడు కంటికి కనిపించని గుర్తులు బొమ్మలో కలుస్తాయి. ఫోనుతో తీసిన దొంగ ప్రింటు దొరికితే ఆ గుర్తులు చదివి ఏ ఊరు, ఏ హాలు, ఏ ఆట అన్నది చెప్పగలరు. ఇంత పకడ్బందీ వ్యవస్థ థియేటరు గుమ్మం దగ్గర ఉంది. సినిమా పుట్టే గదుల్లో అది ఉండటం లేదు. ఎడిటింగు, గ్రాఫిక్స్, డబ్బింగు, సబ్‌టైటిళ్లు, ట్రైలరు కట్, సెన్సారు, విదేశీ పంపిణీ అంటూ సినిమా విడుదలకు ముందే ఎన్నో చేతులు మారుతుంది. ప్రతి చోటా ఒక హార్డ్ డిస్కు, ప్రతి చోటా తక్కువ జీతానికి రాత్రింబవళ్లు పనిచేసే కుర్రాడు. ఎన్ని కాపీలు తయారయ్యాయి, ఎవరి దగ్గర ఉన్నాయి, పని అయ్యాక చెరిపారా లేదా అన్న పద్దు రాసే అలవాటు చిన్న నిర్మాణ సంస్థల్లో నేటికీ తక్కువ. హీరో పారితోషికానికి కోట్లు పెట్టే పరిశ్రమ ఈ పద్దు రాయడానికి ఒక మనిషిని పెట్టుకోలేదా? ఈ మాట కోపంతోనే అంటున్నాను.

2023లో పార్లమెంటు సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించింది. అనుమతి లేకుండా రికార్డు చేసినా, ఆ కాపీని ప్రదర్శించినా కనీసం 3 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. జరిమానా రూ.3 లక్షల నుంచి సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా. ఆ నవంబరులో సమాచార ప్రసార శాఖ 12 మంది నోడల్ అధికారులను నియమించింది. నిర్మాత నేరుగా వాళ్లకు ఫిర్యాదు చేస్తే 48 గంటల్లో లింకు తీయించాలన్నది ఉద్దేశం. కోర్టుకెక్కే స్తోమత లేని చిన్న నిర్మాతకు ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు. అయితే సినిమా జీవితంలో 48 గంటలంటే శని, ఆదివారాలు. ఆ రెండు రోజులు పోతే చిన్న సినిమాకు సోమవారం ఆటలు తగ్గిస్తారు. థియేటర్లో ఎలా ఆడిందన్నది చూసి ఓటీటీలు ధర కట్టే రోజులు కూడా వచ్చాయి కాబట్టి, పైరసీ తిన్న సినిమా రెండోసారీ నష్టపోతుంది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. ఆ చట్టం విధించే జరిమానా, ఎంతైనా సరే, మామూలుగా ఖజానాకు వెళ్తుంది. తన సినిమా పోగొట్టుకున్న నిర్మాత నష్టపరిహారం కోసం కాపీరైటు చట్టం కింద వేరే దావా వేసుకుని ఏళ్ల తరబడి తిరగాలి. జరిమానాను నిర్మాణ వ్యయంలో వంతుగా లెక్కగట్టినప్పుడు, ఆ మొత్తాన్ని అదే తీర్పులో నిర్మాతకు ఇప్పించి, అందులో రచయితల వాటా ఎంతో కూడా చెప్పేలా చట్టాన్ని మళ్లీ సవరించాలి. నోడల్ అధికారి గడువును సినిమా విడుదలైన వారంలోనైనా 48 గంటల నుంచి కొన్ని గంటలకు కుదించాలి. ఈ రెండు కోరికలతో ఒక వినతిపత్రం తయారుచేశాను. సభ ముగిశాక బల్ల మీద ఉంటుంది. చదివి, సమ్మతమైతే సంతకం చేయండి. దాన్ని ఢిల్లీకి, ముంబయిలోని నిర్మాతల సంఘాలకు పంపుతాం.